తడిక మీద గార: ఇటలీలోని ఒక చిన్న ఊరి రంగశాల సీలింగ్ కేసు

మధ్య ఇటలీలోని మార్కె ప్రాంతంలో, కొండమీది ఒక చిన్న ఊరిలో, పంతొమ్మిదో శతాబ్దపు రంగశాల ఒకటి 2016 అక్టోబరు భూకంపాల తరువాత మూతపడింది. దాన్ని తిరిగి తెరిచేందుకు ఏర్పడిన బృందంలో కట్టడ పరిరక్షణ ఇంజనీరుగా నేను పనిచేశాను. ఊరినీ, మనుషులనూ గుర్తుపట్టే వివరాలన్నీ తీసివేసి ఈ కేసును నమోదు చేస్తున్నాను. పాత కట్టడాల మీద పనిచేసే తెలుగు ఇంజనీర్లకు, ఆర్కిటెక్టులకు దీన్ని చెప్పాలనుకోవడానికి కారణం ఉంది. ఆ భవనంలో అందరికీ కనిపించిన జబ్బు ఒకటి, అసలు జబ్బు వేరొకటి. మొదట్లో నేను కూడా కనిపించినదానికే మందు వేశాను.

నేపథ్యం

ఇటలీ ఒకే రాజ్యంగా ఏర్పడిన కొత్తలో, 1868లో ప్రభుత్వం రంగశాలల లెక్క తీయించినప్పుడు, ఈ ఒక్క మార్కె ప్రాంతంలోనే 113 తేలాయి. చెప్పుకోదగ్గ నగరాలు తక్కువగా ఉండి, కొండకొక ఊరుగా విడిపోయి ఉన్న ప్రాంతంలో ఇన్ని రంగశాలలు ఎలా నిలిచాయో తెలియాలంటే వాటి యాజమాన్యం సంగతి తెలియాలి. ఊరిలోని స్థితిమంతులైన కుటుంబాలు ఒక సంఘంగా ఏర్పడి, తలా ఇంత వేసుకుని భవనం కట్టించేవి. అందుకు బదులుగా ఒక్కో కుటుంబానికి ఒక్కో బాక్సు (హాలు చుట్టూ అంతస్తుల్లో చిన్న గదిలా ఉండే ప్రేక్షకుల చోటు) సొంత ఆస్తిగా దక్కేది. ఎవరికి ఏ బాక్సు అన్న తగాదా రాకుండా చాలా చోట్ల చీటీలు వేసి పంచుకున్నారు. బాక్సును అమ్ముకోవచ్చు, వారసులకు రాసి ఇవ్వవచ్చు. వేదిక, మధ్యనున్న నేలభాగం మాత్రం అందరి ఉమ్మడి. అన్నిటికన్నా పైన ఉండే గ్యాలరీ సామాన్య జనానిది, దాని మెట్లదారి కూడా వేరుగా ఉండేది. అపార్టుమెంటు ఉమ్మడి యాజమాన్యాన్ని ఇటాలియన్‌లో కొండొమీనియో అంటారు. అందుకే ఇలాంటివాటికి అక్కడ కొండొమీనియో రంగశాలలని పేరు.

ఈ యాజమాన్యమే కట్టుబడినీ నిర్ణయించింది. గుర్రపులాడం ఆకారపు హాలు, చుట్టూ అంతస్తులుగా బాక్సులు అన్న నమూనా పెద్ద నగరాల్లో రూపుదిద్దుకుంది. 1585లో విచెన్సాలో తెరుచుకున్న, వాస్తుశిల్పి పల్లాడియో రూపొందించిన రంగశాలలో బాక్సులు లేవు, పురాతన రోమన్ పద్ధతిలో అర్ధచంద్రాకారపు మెట్లు మాత్రమే ఉన్నాయి. 1637లో వెనిస్‌లో సాన్ కస్సియానో రంగశాల టికెట్టు కొన్నవారికల్లా ఒపెరాను అందుబాటులోకి తెచ్చింది. అప్పటి నుంచి బాక్సులు అద్దెకిచ్చే హాలే ఆదాయానికి ఆధారమైంది. ఆ తరువాత బిబియెనా కుటుంబపు వాస్తుశిల్పులు గంట ఆకారపు హాళ్లు కట్టారు. 1778లో మిలాన్‌లోని లా స్కాలా రంగశాల గుర్రపులాడం ఆకారాన్ని అందరికీ ఆదర్శంగా నిలిపింది. క్షణంలో దృశ్యం మార్చే యంత్రాన్ని 1641లో వెనిస్‌లో చూపిన జాకొమో తొరెల్లి ఈ మార్కెలోని ఫానో ఊరివాడే. వరసలుగా జరిగే పక్కతెరలు, దూరాన్ని భ్రమింపజేసే రంగుల పరదాలు యూరపు రంగస్థలం నుంచి పార్శీ నాటక సమాజాల మీదుగా మన దేశానికి వచ్చాయి. సురభి నాటకాల పరదాలు చూస్తూ పెరిగినవాణ్ని కనుక, మొదటిసారి ఆ వేదిక వెనక్కి వెళ్లి కప్పీలు, తాళ్లు, చెక్క డ్రమ్ములు చూసినప్పుడు నాకు పరాయి చోట ఉన్నట్టు అనిపించలేదు.

ఆ నమూనాను చిన్న ఊరి మేస్త్రీలు, వడ్రంగులు తమకున్న కొద్దిపాటి డబ్బుతో కట్టిచూపారు. బయటి గోడలు మందమైన ఇటుక కట్టుబడి. లోపల బాక్సులు, వాటి నేలలు, స్తంభాలు అన్నీ చెక్క. రాతి స్తంభంలా కనిపించేది రంగు వేసిన చెక్క, పాలరాయిలా కనిపించేది గార. హాలు మీద బొమ్మలతో నిండిన పెద్ద గుమ్మటంలాంటి సీలింగ్ నిజానికి గుమ్మటమే కాదు. పలకలను అతికించి వంపుగా కోసిన చెక్క పట్టెలకు కింది వైపున రెల్లు తడిక కొట్టి, ఆ తడికకు జిప్సం, సున్నం కలిపిన గార పట్టించి, దాని మీద నీటిరంగులతో బొమ్మలు వేశారు. ఆ పట్టెలు గోడల మీద ఆనుకుని, పైనున్న చెక్క ట్రస్సులకు (కప్పును మోసే త్రికోణపు చట్రాలకు) చిన్న చిన్న చెక్క బద్దలతో వదులుగా వేలాడుతుంటాయి. కొన్ని సెంటీమీటర్ల మందం మాత్రమే ఉన్న ఈ పొర అంత వెడల్పు హాలును కప్పగలగడానికి కారణం దాని తేలికదనమే. నేను చూసిన తెలివైన నిర్మాణాల్లో ఇది ఒకటని నా నమ్మకం.

సీలింగ్ నడిమధ్యన, పూలచక్రం నమూనా మధ్యలో, ఒక గుండ్రని రంధ్రం ఉండేది. పెద్ద దీపాల గుత్తిని అటకలోని చక్రం తిప్పి ఆ రంధ్రం గుండా పైకి లాగి, నూనె పోసి, వెలిగించి, కిందికి దించేవారు. దీపాల పొగ, వేడి, జనం ఊపిరిలోని తేమ ఆ దారినే అటకలోకి చేరి, పెంకుల సందుల్లోంచి బయటికి పోయేవి. ఈ కేసు అంతటికీ ఆ రంధ్రమే కీలకమని తెలుసుకోవడానికి మాకు ఏడాదికి పైగా పట్టింది.

మా ముందుకు వచ్చిన సమస్య

భూకంపం తరువాత తొలి పరీక్షలో సీలింగ్ అంచు చుట్టూ, గోడకు కొంచెం ఎడంగా, ఉంగరంలా సాగిన పగులు కనిపించింది. రెండు చోట్ల గార పెళ్లలు కింది కుర్చీల మీద రాలి ఉన్నాయి. మధ్యభాగం కిందికి జారినట్టు కంటికే తెలుస్తోంది. బయటి గోడల్లో, ట్రస్సుల ఆనికల్లో చెప్పుకోదగ్గ నష్టం లేదు. పురపాలక సంఘం దీన్ని భూకంప నష్టంగా నమోదు చేసి, పునర్నిర్మాణ నిధుల కోసం దరఖాస్తు చేసింది. ఊరివారందరి మాటా అదే. నేనూ అదే అనుకున్నాను.

ఇక్కడ పాత చరిత్ర కొంత చెప్పాలి. 1983 ఫిబ్రవరి 13న తూరిన్ నగరంలోని స్తాతూతో సినిమా హాలులో మంటలు రేగి 64 మంది చనిపోయారు. దేశమంతటా హాళ్ల తనిఖీలు కఠినమయ్యాయి, చిన్న ఊళ్లలోని ఎన్నో చెక్క రంగశాలలు మూతపడ్డాయి. మా రంగశాల కూడా అప్పుడే మూతపడి, కొన్నేళ్లకు పెద్ద మరమ్మతు జరిగాక తెరుచుకుంది. ఆ మరమ్మతులో గోడల తలల మీద కాంక్రీటు పట్టీ పోశారు, పెంకుల కింద నీరు ఇంకకుండా తారు పొర పరిచారు, కప్పు కింద కొన్ని ఉక్కు దూలాలు చేర్చారు. నిప్పు అటకలోకి పాకకూడదని సీలింగ్ నడిమి రంధ్రాన్ని బోర్డుతో మూసి, సీలింగ్ వెనుక భాగమంతటా రాక్ వూల్ (రాతిని కరిగించి తీసిన నార) దుప్పట్లు కప్పారు. వేడిగాలి ఊదే యంత్రాలు పెట్టారు. ఆ ఇంజనీర్ల మీద నాకు కోపం లేదు. 64 శవాలను చూసిన దేశంలో, ఆనాటి నిబంధనలకు లోబడి, చేయవలసినది చేస్తున్నామనే వారు నమ్మారు.

మొదట చేసినది, ఎందుకు చెడిందీ

రాలిపడే ప్రమాదాన్ని ఆపడం మొదటి పని. హాలు నిండా గొట్టాల పరంజా కట్టి, పైన మెత్త పరిచిన పలకలతో సీలింగ్‌ను ఆనించాము. బొమ్మలు ఊడిపోకుండా పల్చని జపాన్ కాగితం అతికించాము. ఇంతవరకు సందేహించవలసినది ఏమీ లేదు.

ఆ తరువాత నేను తొందరపడ్డాను. భూకంపపు కుదుపుకు గార తడిక నుంచి విడివడిందన్నది నా ఊహ. విడివడినదాన్ని అతికించాలంటే పగుళ్లలోకి పల్చని సున్నపు ద్రావణం ఎక్కించడం గోడల విషయంలో అలవాటైన పద్ధతి. ఒక మూలన ప్రయోగంగా ఎక్కించాము. కొద్ది రోజుల్లోనే కింద బొమ్మ మీద పసుపు మరకలు పైకి తేలాయి. ద్రావణంలోని నీరు జిప్సాన్ని మెత్తబరిచింది, తడిక మీద బరువు పెరిగింది, మేము బాగుచేసిన భాగమే పక్క భాగాలకన్నా ఎక్కువగా కుంగింది. గోడకు పనికొచ్చే వైద్యం వేలాడే పొరకు పనికిరాదని నాకు తెలియకపోలేదు, అయినా అలవాటు నన్ను అటే నడిపించింది.

రెండో ప్రయత్నంలో నీటిని పూర్తిగా వదిలేశాము. ఒక గడిలో (సీలింగ్‌లోని ఒక విభాగంలో) మాత్రం దుప్పట్లు ఎత్తి, గాజునార వలను రెజిన్‌తో సీలింగ్ వెనుక భాగానికి అతికించాము. అది గట్టిగా పట్టింది. అయితే వచ్చిన చలికాలంలో, అతికించిన ముక్క అంచు వెంబడే కొత్త పగులు తెరుచుకుంది. పగులు పోలేదు, చోటు మార్చుకుంది. కదలికకు కారణం అలాగే ఉండగా ఒక భాగాన్ని బిగుసుకుపోయేలా చేస్తే, కదలికంతా దాని అంచుకు చేరుతుంది.

ఆ దశలో బృందంలో ఒక బలమైన ప్రతిపాదన వచ్చింది. బొమ్మలను ముక్కలుగా ఊడదీసి, పాత తడికను తొలగించి, జిప్సం బోర్డు సీలింగ్ కట్టి దానికి బొమ్మలు తిరిగి అతికించాలన్నారు. ఖర్చు లెక్కకు సులువు, గడువు ఖాయం. నేను ఒప్పుకోలేదు. 2004 నాటి సాంస్కృతిక సంపద చట్టం కింద పరిరక్షణ శాఖ అనుమతి రావడం కష్టమన్నది ఒక కారణం మాత్రమే. ఆ పొర ఎందుకు చెడిందో తెలియకుండా కొత్త పొర కడితే అది కూడా అదే కారణంతో చెడుతుందన్నది నా అసలు అభ్యంతరం.

కారణాన్ని వెతకడం

పగులును చదవడం అప్పుడు మొదలుపెట్టాను, నిజానికి మొదటి రోజే చేయవలసిన పని అది. భూతద్దంతో చూస్తే పగులు అంచుల లోపల మూడు వేర్వేరు రంగుల పూత కనిపించింది. అంటే ఈ పగులును ఇంతకుముందు కనీసం మూడుసార్లు పూడ్చారు. అంచుల మీద పాత మసి పేరుకుని ఉంది. నిన్నమొన్న విరిగిన గారకు మసి పట్టదు. భూకంపం ఈ పగులును పెద్దది చేసింది, పుట్టించలేదు.

దీన్ని నివేదికలో రాయడం తేలిక కాలేదు. నష్టం భూకంపానిది కాకపోతే భూకంప నిధులు రావేమోనని పురపాలక సంఘం భయపడింది. ఆ భయం అర్థం లేనిది కాదు, ఊరికి అంతకు మించి ఆదాయమార్గం లేదు. రెండు రోజులు ఆలోచించి, ఖర్చును రెండుగా విడదీసి రాశాము: భూకంపం వల్ల అదనంగా జరిగిన నష్టం ఒకటి, దానికి ముందే ఉన్న బలహీనత మరొకటి. మొదటిదానికి నిధులు వచ్చాయి. రెండోదానిలో కొంత భాగం ఊరే భరించవలసి వచ్చింది. తప్పు కారణం రాసి తప్పు మరమ్మతుకు పూర్తి నిధులు తెచ్చుకోవడం కన్నా అది మేలని మేయరు సభలో వాదించి ఒప్పించారు. నా కెరీర్‌లో నేను కృతజ్ఞతతో గుర్తుంచుకునే సంఘటనల్లో అది ఒకటి.

పగుళ్ల మీద కొలత పరికరాలు, అటకలోనూ హాలులోనూ ఉష్ణోగ్రతను, తేమను నమోదు చేసే యంత్రాలు పెట్టి పూర్తిగా ఒక సంవత్సరం వేచి చూశాము. ఎండాకాలం, చలికాలం రెండూ చూడనిదే ఏ కదలిక రుతువుతో వచ్చిపోయేదో, ఏది ఏటికేడు పెరిగేదో చెప్పలేము. గడువు పొడిగించమని అడిగినందుకు చాలా ఒత్తిడి వచ్చింది. అయినా ఆ ఏడాదిని వదులుకోలేదు.

గ్రాఫులో రెండు లయలు కనిపించాయి. మొదటిది నెలల మీద సాగే నెమ్మది లయ. చలికాలంలో బొమ్మలను కాపాడేందుకు వేడిగాలి పెట్టిన రోజుల్లో పగులు తెరుచుకునేది, వేసవిలో మూసుకునేది. జనవరిలో బాయిలర్ చెడిపోయి పది రోజుల పాటు వేడిగాలి ఆగినప్పుడు ఆ తెరుచుకోవడమూ ఆగింది. మేము ఏర్పాటు చేయని ప్రయోగం అది, కానీ దాని ఫలితం స్పష్టంగా ఉంది. రెండోది రోజువారీ లయ. ఎండ కాసిన రోజు మధ్యాహ్నం పగులు కొద్దిగా తెరుచుకుని, రాత్రికి తిరిగి దగ్గరపడేది, మబ్బు పట్టిన రోజు కదిలేది కాదు. హాలులోని గాలికి ఈ లయతో సంబంధం లేదు, ఎండ తగిలేది కప్పుకే.

జవాబు అటకలో దొరికింది. దుప్పట్ల కింద దాగి ఉన్నందున మూడు దశాబ్దాలుగా ఎవరి కంటా పడని ఇనుప తీగలు అక్కడ ఉన్నాయి. పాత మరమ్మతులో, వదులుగా ఉన్న చెక్క బద్దల మీద నమ్మకం చాలక, సీలింగ్ పట్టెలను కొత్త ఉక్కు దూలాలకు తీగలతో బిగించి కట్టారు. ఎండకు ఉక్కు సాగినప్పుడల్లా సీలింగ్‌ను లాగింది, మంచు బరువుకు కప్పు వంగినప్పుడల్లా ఆ పట్టు సడలింది. ఇక దుప్పట్ల సంగతి. రంధ్రం మూసుకున్నాక జనం ఊపిరి తేమకు దారి లేక గార గుండా, పగుళ్ల గుండా పైకి చేరి, రాక్ వూల్ పైపొరలోని చలికి నీరుగా మారింది. తారు పొర వల్ల అటకకు గాలి తగ్గింది. నానిన దుప్పటి బరువెక్కింది, మేకులు తుప్పు పట్టాయి, మేకు చుట్టూ రెల్లు కుళ్లింది, తేమ మరిగిన చెక్కను పురుగు తొలిచింది.

దాదాపు ఎనభై ఏళ్ల వయసున్న పాత కాపలాదారు ఒకాయన ఈ విషయాన్ని ముందే చెప్పారు, మేమే వినిపించుకోలేదు. నాటకం అయిపోయిన రాత్రులు వాళ్ల నాన్నగారు అటకలోకి ఎక్కి, రంధ్రం మూత తీసి, తెల్లారాక మూసేవారట. "ఊపిరి పోవాలి కదండీ" అని ఆయన అన్నప్పుడు అదొక ముచ్చటగా విని ఊరుకున్నాను. చెప్పినదాన్ని అప్పుడే రాసుకుని పరీక్షించి ఉంటే కనీసం రెజిన్ ప్రయోగమైనా తప్పేది.

పనిచేసినది

అయినా ఒకేసారి అంతా విప్పలేదు. కింద పరంజా ఆనించి ఉన్న ఒక గడిలో మాత్రం తీగలు కోశాము. వారంలోపే ఆ గడిలో రోజువారీ లయ ఆగిపోయింది, పక్క గడిలో కొనసాగింది. తరువాత అదే గడిలో దుప్పట్లు తీసి ఆరనిచ్చాము. పట్టెల తేమ వారం వారం తగ్గుతూ వచ్చింది. ఊహను ఒక చిన్న చోట పరీక్షించి, పక్కనున్న చోటుతో పోల్చి చూపిన ఆ రెండు గ్రాఫులే పరిరక్షణ శాఖనూ, అగ్నిమాపక అధికారులనూ ఒప్పించాయి.

అగ్నిమాపక అధికారులతో చర్చ ఎక్కువ కాలం సాగింది. బారీలో పెట్రుత్సెల్లి రంగశాల 1991లో, వెనిస్‌లో లా ఫెనీచె రంగశాల 1996లో కాలిపోయిన దేశంలో, చెక్క సీలింగ్‌లో రంధ్రం తిరిగి తెరుస్తామంటే వారు జంకడం సహజం. అగ్నిభద్రత మీద 2007 మే 9 నాటి ప్రభుత్వ ఉత్తర్వు అనుమతించే ఇంజనీరింగ్ పద్ధతిలో, పొగ ఎటు పోతుందో, జనం ఎంతసేపట్లో బయటపడతారో లెక్కగట్టి చూపాము. రంధ్రానికి తాడుతో చేత్తో తెరవగలిగి, వేడి తగిలితే దానంతటదే మూసుకునే మూత పెట్టాము. దానికి ప్రతిగా ఊరు ఒకటి వదులుకుంది. పైగ్యాలరీకి ఉన్న ఒకే ఒక్క ఇరుకు మెట్లదారిని వెడల్పు చేయాలంటే చారిత్రక గోడ కూల్చాలి కనుక, గ్యాలరీలోకి ప్రేక్షకులను ఇక అనుమతించరు. ఉంబ్రియాలోని మోంతె కాస్తెల్లో ది విబియో రంగశాల 99 సీట్లతోనే జీవిస్తోందని నేను గుర్తుచేసినప్పుడు సభలో కొందరికి కోపం వచ్చింది. ఆ గ్యాలరీలో నిలబడి ఒపెరా విన్న తాతల మనుమలు వారు. వారి కోపం న్యాయమైనదే, ఆ నష్టానికి నా దగ్గర పరిహారం లేదు.

సీలింగ్ పని నీటి వాడకం వీలైనంత తగ్గించి చేశాము. దుప్పట్లన్నీ చేత్తో ఎత్తి, దశాబ్దాల దుమ్మును సన్నని బ్రష్షులతో, వాక్యూమ్‌తో తీశాము. తీగలను మధ్య నుంచి అంచుకు, ఎదురెదురుగా జతలుగా కోసి, వాటి చోట పాత పద్ధతిలోనే చెక్క బద్దలు వదులుగా బిగించాము. పురుగు తిన్న పట్టెలకు పక్కన కొత్త చెక్క పట్టె జోడించి తుప్పుపట్టని మరలతో కలిపాము. తడిక ఊడిన చోట వెడల్పాటి బిళ్ల వేసిన మరలతో తడికను పట్టెకు దగ్గరగా లాగి, పట్టె మీదుగా జనుపనార గుడ్డ పట్టీలను జీనులా వేసి, అతి తక్కువ నీటితో కలిపిన జిప్సంతో అతికించాము. అంతకు మించి ఏమీ పూయలేదు. నా రెజిన్ ముక్కను తీయబోతే గార కూడా వస్తోంది, అందుకని దాని అంచులు మాత్రం కోసి వదిలేశాము. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

వేడిగాలి యంత్రాలు తీసేసి, కుర్చీల కింద నేలలో నెమ్మదిగా వేడెక్కే ఏర్పాటు చేశాము. దీనికోసం నేలభాగం పలకలు ఎత్తవలసి వచ్చింది. ఆ పలకల కింది ఖాళీయే హాలుకు మంచి నాదం ఇస్తుందని అక్కడి సంగీతకారుల నమ్మకం కాబట్టి, ఖాళీని పూడ్చకుండా గొట్టాలను దూలాల మధ్య వేలాడదీశాము. అటకలో సీలింగ్‌కు ఎక్కడా తగలకుండా ట్రస్సుల మీదే ఆనుకునే నడకదారి కట్టాము. తారు పొరను కొన్ని చోట్ల కోసి చూరు దగ్గర గాలి సందులు పెట్టాము. కాంక్రీటు పట్టీని తీయలేదు. దాన్ని తీసే పనిలో గోడలకు జరిగే నష్టం, అది ఉండటం వల్ల జరిగే నష్టం కన్నా ఎక్కువని 2011 నాటి భూకంప మార్గదర్శకాల ప్రకారం వేసిన లెక్కలో తేలింది.

బాక్సుల విషయంలో ఇంజనీరింగ్ కాని చిక్కు ఒకటి మిగిలింది. చాలా బాక్సులను ఊరు ఎప్పుడో కొనేసింది గాని, కొన్ని ఇంకా కుటుంబాలవే. ఒక బాక్సు వారసులు అర్జెంటీనాకు వలసవెళ్లిన శాఖలో ఎందరో ఉన్నారు, వారిలో సగం మందికి తమకు ఇటలీలో ఒక బాక్సు ఉందనే తెలియదు. సంతకాలు వచ్చేవరకు ఆ బాక్సు చెక్క పనిని ముట్టుకోలేదు. సీలింగ్‌ను ఆ బాక్సు స్తంభం నుంచి కాకుండా విడిగా ఆనించేలా పరంజా మార్చుకున్నాము. ఖర్చు పెరిగింది. కానీ ఈ రంగశాలలు నిలబడిందే ఆ చిన్న చిన్న సొంతాల మీద కాబట్టి, దాన్ని దాటవేయడం నాకు సరైనదనిపించలేదు.

ఆ తరువాత

తిరిగి తెరిచాక వచ్చిన మూడు చలికాలాల్లో ఉంగరపు పగులు వెంట్రుకవాసి గీతకు మించలేదు, రోజువారీ లయ ఏ గడిలోనూ కనిపించలేదు. సున్నపు ద్రావణం ఎక్కించిన మూలన పసుపు మరక మాత్రం పోలేదు. రంగశాల పాత రంగుల పరదాను బాగుచేయడానికి నిధులు చాలలేదు. అది చుట్టచుట్టి వేదిక వెనుక పొడి గదిలో ఉంది.

ఇప్పుడు ఇలాంటి ఏ సీలింగ్ దగ్గరికి వెళ్లినా ముందు అటకలోకి ఎక్కుతాను, దుప్పట్లు ఉంటే ఎత్తి చూస్తాను, పగులు లోపల ఎన్ని రంగుల పూతలున్నాయో లెక్కపెడతాను, ఆ భవనాన్ని రోజూ తెరిచి మూసే మనిషితో మాట్లాడి ఆయన మాటలను ఆయన మాటల్లోనే రాసుకుంటాను. మందుల గురించి ఆ తరువాతే ఆలోచిస్తాను.

నడకదారి మొదట్లో ఒక రిజిస్టరు వేలాడదీశాము. ప్రతి ప్రదర్శన తరువాత మూత తెరిచిన వేళ, మూసిన వేళ, అటక తేమ అందులో రాస్తారు. పాత కాపలాదారు ఇప్పుడు మెట్లు ఎక్కలేరు, ఆయన అల్లుడు ఎక్కుతున్నారు. నేను చివరిసారి చూసినప్పుడు ఫిబ్రవరి పేజీలో తేమ అంకెల పక్కన, మూత తాడు ఒరుసుకుపోయింది, మార్చాలి అని రాసి ఉంది.